వేసవిని బట్టి చలిని చెప్పవచ్చునా?

మంచిర్యాల జిల్లాలో మందమర్రికిని బెల్లంపల్లికిని చేరువగా కాసిపేట యను ఊరు కలదు. వరంగల్లు చెంతనున్న రైలుకూడలియగు కాజీపేట వేఱు. ఈ కాసిపేట వేఱు. ఇది బొగ్గుగనుల సీమ. గోదావరీ లోయలో దక్షిణమున కొత్తగూడెము, ఇల్లెందు మొదలుకొని ఉత్తరమున గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి వఱకు నేల అడుగున బొగ్గుపొరలు వ్యాపించియున్నవి. 1871వ సంవత్సరమున విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున ఆ బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. కాసిపేట గనులు ఆ కంపెనీకి చెందిన మందమర్రి ఏరియాలోనివి. గనిని ఈ సీమవారు 'బాయి' యందురు. ఇంటికొక్కరైనను బాయి పనికి పోయినవారే యనదగినంతగా ఇచ్చటి బ్రతుకు బొగ్గుతో ముడిపడియున్నది.

బొగ్గుసీమకు ఎండయు ప్రసిద్ధమే. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను సామెత ఇచ్చట అతిశయోక్తిగా తోచదు. మే నెలలో రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో పగటి ఉష్ణోగ్రత పలుమారు 45 డిగ్రీల సెంటిగ్రేడును దాటుచుండును. నల్లని బొగ్గుకుప్పలును, చెట్టులేని మట్టిదిబ్బలును ఎండను పీల్చి రాత్రివేళ గూడ సెగలు గ్రక్కుచుండును. అట్టి దినములలో టీకొట్టు బల్లలమీద ఒక చర్చ వినవచ్చుచుండును. "ఈ యేడు ఎండలు మెండు, కావున చలియు మెండుగనే యుండును" అని యొకరందురు. "ఎండ ముదిరిన యేట చలి పలుచబడును" అని మఱియొకరందురు. ఇరువురును తమ జ్ఞాపకమునుండి రెండేసి ఉదాహరణములు చూపుదురు. ఇరువురి మాటయు ఒక్కసారి నిజము కాజాలదు. ఇంతకును వేసవినిబట్టి రాబోవు చలిని చెప్పవచ్చునా?

ఇది ప్రొద్దుపుచ్చు ప్రశ్న కాదు. దీని వెనుక పెద్ద లెక్క యొకటి యున్నది. సింగరేణి గనులనుండి 2023-24 సంవత్సరమున సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు వెలువడెను. అందు అధికభాగము విద్యుత్కేంద్రములకే పోవును. మంచిర్యాల జిల్లాలోని జైపూరులో సింగరేణి వారి విద్యుత్కేంద్రము కలదు. 2016లో ఉత్పత్తి మొదలైన ఆ కేంద్రములో 600 మెగావాట్ల యంత్రములు రెండున్నవి. అట్టి యంత్రమొకటి పూర్ణశక్తితో ఒక దినము నడచినచో 1 కోటి 44 లక్షల యూనిట్ల విద్యుత్తు పుట్టును. ఒక యూనిటుకు ఇంచుమించు ఏడువందల గ్రాముల బొగ్గు కావలసివచ్చును. కాబట్టి ఒక్క దినమునకు ఒక్క యంత్రమే దాదాపు 10 వేల టన్నుల బొగ్గును మ్రింగుననుట! రెండు మూడు గూడ్సుబండ్ల బొగ్గు అది. ఇట్టి యంత్రములు దేశమున వందలకొలదిగా నున్నవి. రాబోవు ఋతువులో ఎంత విద్యుత్తు కావలసియుండునో కొంతయైనను ముందుగా తెలియనిదే ఇంత బొగ్గును ఎప్పుడు త్రవ్వవలెనో, ఎచ్చట నిలువచేయవలెనో నిర్ణయించుట కష్టము.

ఈ నిర్ణయము తప్పినచో కలుగు కష్టము రెండు విధములు. నిలువ చాలకున్న దీపములారిపోవును. 2021 అక్టోబరులో దేశములోని విద్యుత్కేంద్రములలో సగమునకు పైగా కొన్ని దినములకు మాత్రమే సరిపోవు బొగ్గుతో నిలిచినవి. కర్మాగారములు తిరిగి పుంజుకొని విద్యుత్తు వాడకము పెరిగినది. సెప్టెంబరు వానలకు గనులలో నీరు నిలిచినది. విదేశపు బొగ్గు వెల మండిపోయినది. ఈ మూడును ఒక్కసారి కలసినవి. తరువాతి యేడు, అనగా 2022లో, మార్చి నెల భారతదేశమున 1901 నుండి లెక్కకు వచ్చిన మార్చి మాసములన్నిటిలో మిక్కిలి వేడియైనదిగా నమోదయ్యెను. ఏప్రిలు 29వ తేదీన దేశపు విద్యుత్తు గిరాకి 2 లక్షల 7 వేల మెగావాట్లను దాటెను. బొగ్గుబండ్లకు దారి యిచ్చుటకై ప్రయాణికుల రైళ్ళను రద్దుచేయవలసివచ్చెను.

నిలువ మితిమీరినను మేలు లేదు. బొగ్గు రాయివలె కదలక పడియుండు వస్తువు కాదు. అది గాలిలోని ప్రాణవాయువును కొంచెము కొంచెముగా గ్రహించుచు లోలోపల వేడెక్కును. ఎత్తైన కుప్పలో ఆ వేడి బయటికి పోజాలక పెరిగి పెరిగి తుదకు అగ్గిపుల్ల గీయకయే కుప్ప రాజుకొనును. గనులవద్ద కుప్పలమీద నీరు చల్లుటయు, యంత్రములతో త్రొక్కించి గాలి చొరకుండ చేయుటయు అందువలననే. కావున తక్కువైనచో చీకటి, ఎక్కువైనచో నిప్పు. ఈ రెంటినడుమ సరియైన కొలతను ముందుగా ఊహింపవలెను. వేసవి ఎండయే శీతకాలపు సంగతిని చెప్పగలిగినయెడల ఇంతకంటె సులువైన ఉపాయమేమున్నది?

ఎండను తనలో దాచుకొని ఆఱునెలల తరువాత బయటపెట్టగల వస్తువేదైన నున్నప్పుడే వేసవి చలికాలమును శాసింపగలదు. అట్టి వస్తువులు మూడింటిని పరీక్షింపవచ్చును: నేల, గాలి, నీరు.

మొదట నేల. దీనిని గూర్చి బాయి పనివారికంటె బాగుగా తెలిసినవారు లేరు. మే నెల మధ్యాహ్నమున మాడు పగులు ఎండలోనుండి ఇంక్లైనులోనికి దిగినవారికి కొంతదూరము పోగానే గాడ్పు సంగతియే మఱపునకు వచ్చును. పుష్యమాసపు వేకువలో చలికి వణకుచు దిగినవారికి అదే దారి వెచ్చగా తోచును. ఏలన, నేలపైనుండి ఎండ వేడిమి క్రిందికి బహు మెల్లగా ప్రాకును. లోతు పోయినకొలది దాని బలము తగ్గును. పది పదునైదు మీటర్ల క్రింద సంవత్సరమంతయు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత యుండును. ఇంకను లోతునకు పోయినచో వేడిమి మరల పెరుగును గాని, అది భూగర్భపు వేడిమియే తప్ప వేసవి వేడిమి కాదు. కొన్ని మీటర్ల లోతునకు వేసవి సెగ చలికాలమునాటికి చేరుట నిజమే. అయినను అప్పటికది మిక్కిలి క్షీణించి, పైనున్న గాలిని వెచ్చచేయుటకు చాలకుండును. నేల వేసవిని జ్ఞాపకముంచుకొనును గాని, ఆ జ్ఞాపకమును బయటికి చెప్పలేదు.

పైపొర సంగతి మఱియు సులభము. వేసవికిని చలికాలమునకును నడుమ ఈ దేశమున వానకాలమున్నది. జూను రెండవ వారమునందో మూడవ వారమునందో నైరృతి ఋతుపవనము ఈ సీమను చేరును. ఎండిన నేల తడియును. ఆ నీరు ఆవిరియగునప్పుడు నేలనుండి వేడిమిని గైకొనిపోవును. కుండలోని నీరు చల్లబడు విధమే ఇది. సెప్టెంబరు వచ్చునప్పటికి ఎండలు మండిన యేటికిని, మందగించిన యేటికిని నేల పైపొరలో గొప్ప భేదముండదు. పలకమీది వ్రాతను తడిగుడ్డతో తుడిచినట్లు వాన వేసవిని తుడిచివేయును. ఏ ఋతువునకు ముందు ఏ ఋతువు వచ్చుననునది దేశమునుబట్టి మారును గనుక, విదేశములందలి వాతావరణ సూత్రములను కన్నులు మూసికొని ఇచ్చటికి తెచ్చుకొనరాదనుటకు ఇది యొక కారణము.

రెండవది గాలి. గాలికి జ్ఞాపకము బహు స్వల్పము. నేడు కాసిపేటపైనున్న గాలి కొలది దినములలో మఱియొక రాష్ట్రముపైనుండును. 1963లో ఎడ్వర్డు లారెంజు అను అమెరికా శాస్త్రజ్ఞుడు గాలి నడకకు సంబంధించిన సమీకరణములను పరిశీలించి, ఆరంభములోని అత్యల్పమైన తేడాయే క్రమముగా పెరిగి తుదకు పూర్తిగా వేఱైన ఫలితమునకు దారితీయునని చూపెను. అందుచేతనే దినదినపు వాతావరణమును ఇంచుమించు రెండు వారములకు మించి ముందుగా చెప్పుట సాధ్యము కాదని శాస్త్రజ్ఞులు తలతురు. రెండు వారములకే మఱచిపోవు గాలి ఆఱునెలల ముచ్చట నెట్లు మోసికొనివచ్చును?

ఇంతకును ఈ సీమకు చలి ఎచ్చటినుండి వచ్చును? శీతకాలమున మధ్యధరా సముద్రము వైపునుండి మేఘసముదాయములు కొన్ని పడమటినుండి వచ్చి హిమాలయములపై మంచు కురిపించును. వీనిని వాతావరణశాఖవారు పశ్చిమ విక్షోభములందురు. అవి దాటిపోయిన పిదప ఉత్తరపు పొడిగాలి నాగపూరు మీదుగా ఆదిలాబాదు వైపునకు దిగును. ఆకసము నిర్మలముగా నుండి గాలి పొడిగా నున్న రాత్రి, నేల తన వేడిమిని అడ్డులేక ఆకాశమునకు వదలి శీఘ్రముగా చల్లబడును. అందుకే ఆదిలాబాదు, కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాల అడవిపల్లెలలో కొన్ని యేండ్లు ఉష్ణోగ్రత పది డిగ్రీలకు ఎంతో దిగువకు పడిపోవును. మైదానములలో కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీలకు మించక, సాధారణముకంటె నాలుగున్నర డిగ్రీలైనను తక్కువైనచో దానిని చలిగాలుల దినముగా లెక్కింతురు.

అట్లుగాక బంగాళాఖాతమున వాయుగుండ మొకటి లేచినచో కథ మారిపోవును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ అను తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు తెలంగాణమునకును మబ్బులు క్రమ్మినవి. మబ్బు రాత్రివేళ కంబళి వంటిది. నేల వేడిమిని పోనీయదు. పగటివేళ గొడుగు వంటిది; ఎండను రానీయదు. ఆ దినములలో కలిగిన మార్పును ఆ యేటి మే నెల ఎండ ముందుగా చెప్పగలదా? ఉత్తరమునుండి వచ్చు గాలియు, సముద్రములో లేచు తుపానును కాసిపేట ఎండ నడిగి రావు గదా!

ఒక ఋతువును చూచి వేఱొక ఋతువును చెప్పవలెనను ప్రయత్నము ఈ దేశమున క్రొత్తది కాదు. ప్రపంచములోనే అట్టి ప్రయత్నము గట్టిగా సాగినచోటు ఈ దేశమే. 1876లో ధాతనామ సంవత్సరమున వానలు తప్పి దక్షిణదేశమున ఘోరమైన కఱవు వచ్చెను. ధాతకఱవని తెలుగువారు దానిని తరతరములు చెప్పుకొనిరి. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1875లో, భారత వాతావరణశాఖ స్థాపితమైయుండెను. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డు. వానలు వచ్చునో రావో ముందుగా చెప్పుమని ప్రభుత్వ మాతని నడిగెను. హిమాలయములపై శీతకాలమునను వసంతమునను మంచు అధికముగా పడిన యేట వేసవి తరువాతి వానలు తగ్గుచున్నవని బ్లాన్‌ఫర్డు 1884లో ప్రకటించెను. 1886 జూను 4వ తేదీన ఆతని శాఖ ఋతుపవనమును గూర్చిన మొదటి దీర్ఘకాలిక సూచనను వెలువరించెను. ఆ ఊహకొక ఆధారమున్నది. మంచు తెల్లనిది కావున ఎండను వెనుకకు పంపును. కరగుటకును వేడిమి కావలయును. అందుచే ఆసియాఖండపు నేల ఆలస్యముగా వేడెక్కును.

అయినను ఆ గుర్తు అన్ని యేండ్లును నిలువలేదు. 1899లో వానలు తప్పి మరల పెద్ద కఱవు వచ్చెను. 1904లో గిల్బర్టు వాకరు అను గణితశాస్త్రజ్ఞుడు వాతావరణశాఖాధిపతిగా వచ్చెను. వాతావరణశాస్త్రమున ఆతనికి పూర్వపరిచయము లేదు. లెక్కలలో మాత్రము దిట్ట. ప్రపంచమున పలుచోట్ల నమోదైన గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, వర్షపాతపు అంకెలను తెప్పించి, ఒకదానితో నొకటి సరిపోల్చి చూచెను. కంప్యూటరులు లేని ఆ దినములలో భారతీయ గుమాస్తా లనేకులు చేతితో ఆ లెక్కలు కట్టిరి. ఆ కృషి ఇరువదియేండ్లు సాగినది.

ఆ పనిలో వాకరు ఒక అపాయమును కనిపెట్టెను. దానిని విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. ఒక పాఠశాలలో అఱువదినలుగురు పిల్లలు తలకొక రూపాయి బిళ్ళను ఐదేసి మార్లు ఎగురవేసిరనుకొందము. ఐదు మార్లును బొమ్మయే పడుట ముప్పదిరెండింట ఒకసారి జరుగు విషయము. కావున ఆ పిల్లలలో ఇంచుమించు ఇద్దరికి ఐదుమార్లును బొమ్మయే పడును. ఆ యిద్దరి చేతిలో మహిమ యున్నదా? లేదు. పలువురు ప్రయత్నించిరి గనుక ఒకరిద్దరికి అట్లు జరిగినది. అటులనే వందల గుర్తులను చలితో పోల్చి చూచినయెడల ఏదో యొక గుర్తు కొన్ని యేండ్లు చక్కగా సరిపోయినట్లు కనబడును. దానిని నమ్మి ఆఱవ యేట బొగ్గు లెక్క కట్టినవారు మోసపోవుదురు. పెక్కింటినుండి ఏరి తెచ్చిన గుర్తును మఱింత కఠినముగా పరీక్షింపవలెనని వాకరు 1914లోనే హెచ్చరించెను.

ఆ హెచ్చరిక ఎంత విలువైనదో తరువాతి చరిత్ర నిరూపించెను. 1988లో వాతావరణశాఖవారు పదునాఱు గుర్తులను చేర్చి ఋతుపవన సూచనకు క్రొత్త పద్ధతి నేర్పఱచిరి. అది పెక్కేండ్లు బాగుగనే పనిచేసెను. 2002లో వానలు సాధారణముగ నుండునని సూచించినను నూటికి ఎనుబదియొక్క వంతు మాత్రమే కురిసి దేశము కఱవు పాలయ్యెను. శాఖవారు తప్పును దాచలేదు. మఱుసటి యేటనే పద్ధతిని మార్చుకొనిరి. శాస్త్రమునకు అవమానము తప్పుటలో లేదు, తప్పు తెలిసియు మారకుండుటలో నున్నది.

వాకరు శ్రమ వృథా పోలేదు. పసిఫిక్ మహాసముద్రముపైనను, హిందూ మహాసముద్రముపైనను గాలి ఒత్తిడి త్రాసుతట్టలవలె ఒకటి లేచినప్పుడు ఒకటి దిగుచున్నదని ఆతడు కనుగొనెను. దానికి దక్షిణ డోలనమని పేరిడెను. 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు ఆ డోలనమునకును పసిఫిక్ సముద్రపు నీటి వేడిమికిని గల సంబంధమును వివరించెను. ఇచ్చట మూడవ వస్తువగు నీటి సంగతి వచ్చుచున్నది. సముద్రములో పైనున్న రెండున్నర మీటర్ల నీరు తనపైనున్న గాలి యంతయు నిలుపుకొనగలంత వేడిమిని తానే నిలుపుకొనగలదు. వాన సముద్రపు జ్ఞాపకమును తుడిచివేయజాలదు. పసిఫిక్ నడిమిభాగపు నీరు సాధారణముకంటె వేడెక్కుటను ఎల్‌నినో అందురు. చల్లబడుటను లానినా అందురు. ఇవి తఱచుగా వేసవి చివర మొదలై డిసెంబరునాటికి ముదురును. కావున ఆగష్టులో ఆ సముద్రమును పరికించినవారు డిసెంబరును గూర్చి కొంత చెప్పగలరు. మార్చిలో చూచినవారు అంతగా చెప్పలేరు.

రెండు వేసవులను పోల్చినచో ఈ విషయము తేటపడును. 2010 వేసవి దేశమున 1901 నుండి అప్పటికి నమోదైన వేసవులన్నిటిలో మిక్కిలి వేడియైనది. ఆ యేడు పసిఫిక్‌లో బలమైన లానినా ఏర్పడెను. 2011 జనవరిలో ఉత్తరభారతము చలిగాలులకు వణకెను. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా మరణించిరి. ఆ యేడు పసిఫిక్‌లో బలమైన ఎల్‌నినో నడచుచుండెను. తరువాతి చలికాలము సాధారణముకంటె వెచ్చగా గడచెను. రెండును మండిన వేసవులే; ఒకదాని వెనుక చలి, మఱియొకదాని వెనుక వెచ్చదనము. టీకొట్టులోని ఇరువురికిని చెఱియొక సాక్ష్యము దొరకినది! తేడా కాసిపేట ఎండలో లేదు; వేలకొలది మైళ్ళ దూరమున నున్న సముద్రములో నున్నది.

సముద్రమైనను పూచీ యిచ్చునది కాదు. 2020 నుండి వరుసగా మూడు చలికాలములు లానినా నిలిచెను. లానినా చలిని తెచ్చునని నమ్మినవారికి 2023 ఫిబ్రవరి గొప్ప పాఠము నేర్పెను. ఆ నెల పగటి ఉష్ణోగ్రతల సగటునుబట్టి 1901 నుండి లెక్కకు వచ్చిన ఫిబ్రవరి మాసములన్నిటిలో అత్యధికముగా నుండెను. కావున సముద్రమును చూచి చెప్పు మాట "చలి తగ్గును" అని కాక, "చలి తగ్గుటకు అవకాశ మెక్కువ" అనియే యుండవలెను. వాతావరణశాఖవారు నేడు చలికాలమునకు ముందు వెలువరించు సూచనలు ఇట్టి భాషలోనే యుండును.

ఇంకొక భ్రమకు గూడ చోటున్నది. భూగోళము క్రమముగా వేడెక్కుచున్నది. అందుచే గడచిన కొన్ని దశాబ్దములలో వేసవులును, చలికాలములును రెండును వెచ్చబడుచు వచ్చినవి. వేసవి అంకెలను, చలికాలపు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినచో రెండును కలసి పైకి ప్రాకుట కనబడును. వేసవియే చలికాలమును వెచ్చచేసినదని అప్పుడు తోచును. అన్నదమ్ము లిరువురును ఏటేట ఎత్తు పెరుగుచుందురు. అన్న పెరుగుట తమ్ముడు పెరుగుటకు కారణమా? ఇరువురిని పెంచునది వయస్సు. అట్లే రెండు ఋతువులను పైకి లాగునది వేఱొక కారణము.

ఇక చలికిని విద్యుత్తునకును గల సంబంధమేమి? ఐరోపా, అమెరికా ఖండములందలి శీతలదేశములలో చలి ముదిరినకొలది ఇండ్లను వెచ్చచేయుటకు విద్యుత్తో, వాయువో, నూనెయో విరివిగా మండింపవలెను. అచ్చటివారు డిగ్రీ-దినములను లెక్క కట్టుదురు. ఒకనాటి సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు ఎంత తక్కువైన అన్ని డిగ్రీల మేరకు ఇంటికి వేడి కావలసియున్నదని భావింతురు. ఈ కొలతను బొగ్గుసీమకు తెచ్చి చూడవచ్చును. డిసెంబరులో ఒకనాటి గరిష్ఠము 29, కనిష్ఠము 15 అనుకొన్నచో సగటు 22. అది 18కి పైననే యున్నది. అనగా ఇంటిని వెచ్చచేయు యంత్రముతో పనియే లేదు. మే నెలలో గరిష్ఠము 42, కనిష్ఠము 28 అయినచో సగటు 35. పదునేడు డిగ్రీల మేరకు చల్లదనము కావలసియున్నది. కావున ఈ సీమలో చలి పెరిగినచో పంకాలు ఆగి విద్యుత్తు కొంత మిగులునే గాని, శీతలదేశములందువలె ఖర్చు పెరుగదు. వేకువ చలికి కంబళియు, వీధిలో చలిమంటయు, స్నానమునకు వేడినీరును చాలును. మూసిన గదిలో మాత్రము బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రింపరాదు. అందుండి పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణములు తీయును.

అట్లయిన తెలంగాణమున శీతకాలపు విద్యుత్తును నిర్ణయించునదేది? యాసంగి పంట. వానలు బాగుగ కురిసి చెఱువులు నిండి, శ్రీరామసాగరము, ఎల్లంపల్లి జలాశయములకు నీరు చేరి, బావులలో నీరూరినచో రైతులు యాసంగి వరిని విరివిగా నాటుదురు. డిసెంబరునుండి మార్చివఱకు మోటార్లు నీరు తోడుచుండును. వరి ఈనికదశలో నుండగా ఎండయు ముదిరినచో పంపుసెట్లు, పంకాలు, చల్లనిగాలి యంత్రములు ఒక్కసారి నడచును. అందుచేతనే ఈ రాష్ట్రమున విద్యుత్తు గిరాకి మండువేసవియగు మే నెలలో గాక మార్చిలో శిఖరమునకు చేరుచున్నది. 2023 మార్చి 30న అది 15,497 మెగావాట్లు. 2025 మార్చి 20న 17,162 మెగావాట్లు. ఈ శిఖరమును ముందుగా తెలిసికొనగోరువారు గడచిన వేసవి ఉష్ణోగ్రతలను కాక, గడచిన వానకాలమును, చెఱువుల నీటిమట్టమును, నాటిన యెకరములను చూడవలెను. అక్టోబరులో నిండిన చెఱువు మార్చి నెల కరెంటు లెక్కను, ఆ నెలలో కాలవలసిన కాసిపేట బొగ్గును ముందుగా చెప్పుచున్నది!

కావున మొదటి ప్రశ్నకు జవాబిది. కాసిపేట వేసవి ఎండ కాసిపేట చలిని చెప్పజాలదు. నేల చెప్పలేదు, గాలి మఱచును, నడుమ వాన తుడిచివేయును. సముద్రము కొంత చెప్పగలదు. అదియు అవకాశముగా మాత్రమే. విద్యుత్తు లెక్కకు చలికంటె వానయే మేలైన గుర్తు.

ఈ మాటను గూడ విద్యార్థులు ఊరక నమ్మవలసిన పని లేదు. పాఠశాల గోడనీడను ఒక ఉష్ణమాపకము నుంచి, ప్రతిదినము గరిష్ఠ కనిష్ఠములను పుస్తకమున వ్రాయవచ్చును. తమకు ముందు చదివినవారు వ్రాసిన పుస్తకమునకు తరువాతివారు పుటలు చేర్చుచు పోవచ్చును. పదియేండ్లు గడచిన పిమ్మట వేసవులను ఒకవైపు, చలికాలములను ఒకవైపు వ్రాసి, సరిపోయినవెన్నియో సరిపోనివెన్నియో లెక్కించవలెను. సరిపోయిన ఏండ్లను మాత్రమే జ్ఞాపకముంచుకొనుట మనుజుని స్వభావము. సరిపోని ఏండ్లను గూడ వ్రాసియుంచుట శాస్త్రము స్వభావము. టీకొట్టులోని చర్చకు తీర్పు చెప్పవలసినది ఆ పుస్తకమే. దానిని తెఱచి చూచి మాటాడువారి లెక్కనుబట్టి త్రవ్విన బొగ్గు కుప్పలో రాజుకొనదు. ఇంటిలో దీపమును ఆరదు.